చేను చూసి రాపో పాపా

ఈ వారం ఉత్తరం తాడిపత్రి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. పేరు, ఊరు వేయొద్దని కోరారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి అవసరమైనంత వరకే ఇక్కడ ఇస్తున్నాను.

"సార్, నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఏడేళ్ళు బెంగళూరులో ఉద్యోగం చేశాను. నాన్న మోకాళ్ళ నొప్పులతో చేనికి పోలేని స్థితికి రావడంతో ఉగాదికి ఊరికి వచ్చేశాను. ఐదెకరాల శెనక్కాయ, మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఇప్పుడు నేనే చూసుకోవాలి. మా ఊళ్ళో ప్రతి ఆదివారం పొద్దున్నే రచ్చకట్ట దగ్గర పదిహేను ఇరవై మంది రైతులు కూర్చుని సేద్యం సంగతులు మాట్లాడుకుంటారు. నేర్చుకుందామని నేనూ వెళ్ళాను. చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న వేసి భూమి వృథా చేస్తున్నారని మొదటి రోజే చెప్పాను. అక్కడ కూడా శెనక్కాయ వేస్తే ఎకరాకు ఎంత మిగులుతుందో లెక్క వేసి మరీ చూపించాను. అందరూ 'అట్లేలేమ్మా' అన్నారు. రెండో వారం డ్రిప్ మీద ఒక వీడియో చూపిద్దామని ఫోన్ తీస్తే ఒక్కొక్కరే లేచిపోయారు. మూడో వారం నాకే కష్టమొచ్చింది. మా శెనక్కాయ ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఏం కొట్టాలి అని అడిగాను. అందరిలోకి పెద్దాయన 'చేను చూసి రాపో పాపా' అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఏడుపు ఆపుకుంటూ ఇంటికొచ్చాను. పోయిన ఆదివారం వెళ్ళలేదు. ఆడపిల్లననా, బయటి నుంచి వచ్చాననా, నేనంటే వాళ్ళకు ఎందుకింత చులకన? మళ్ళీ వెళ్ళాలా? వెళ్తే ఎట్లా ఉండాలి?"

తల్లీ, వెళ్ళు. ఈ ఆదివారమే వెళ్ళు.

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. పది మంది నవ్వుతుంటే తల వంచుకుని ఇంటికి నడవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ బాధతో పాటు సంతోషం కూడా కలిగింది. నేను ముప్పై ఏళ్ళు వ్యవసాయ శాఖలో పనిచేశాను. అందులో సగానికి పైగా అనంతపురం జిల్లా పల్లెల్లోనే గడిచింది. "చేను చూసి రాపో" అన్న మాట నన్నూ అన్నారు, నా ముందు ఇంకెంతోమందినీ అన్నారు. నువ్వు దాన్ని ఎగతాళి అనుకున్నావు. నాకైతే ఈ మూడు వారాల్లో నీకు దొరికిన మొదటి నిజమైన జవాబు అదే అనిపిస్తోంది.

ముందు "పాప" సంగతి. ఏడేళ్ళు మేడమ్ అని పిలిపించుకున్న చెవికి ఆ పిలుపు చిన్నచూపులాగా వినపడి ఉంటుంది. మన సీమలో పెళ్ళయి పిల్లలున్న కూతుర్ని కూడా తండ్రి పాపా అనే పిలుస్తాడు. ఆ పెద్దాయన నిన్ను ఇంటి పిల్లలాగా పిలిచాడు. దాన్ని పట్టుకుని రోషపడొద్దు. ఆయన్ని నువ్వు సార్ అనీ, అంకుల్ అనీ పిలిచి ఉంటే అది కూడా మానుకో. వరసైతే వరస పెట్టి పిలువు, లేకపోతే పెద్దాయనా అను. మీ నాన్నను అడిగితే ఎవరు మామ అవుతారో, ఎవరు చిన్నాయన అవుతారో అరగంటలో చెప్తాడు.

ఇప్పుడు చేను సంగతి. శెనక్కాయ పసుపు రంగుకు తిరిగింది, ఏం కొట్టాలి అన్నావు. ఒంట్లో బాగాలేదు, ఏ మాత్ర వేసుకోవాలి అని అడిగినట్టుంది అది. ఏ ఆకులు? కొసన ఉన్న లేతాకులా, కింద ఉన్న ముదురాకులా? జవాబంతా ముందు ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది.

లేతాకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, ఈనెల మధ్య భాగం పసుపుబారి, రానురాను ఆకంతా తెల్లగా పాలిపోతుంటే అది ఇనుము అందకపోవడం. మీ తాడిపత్రి వైపు నాపరాళ్ళ నేలలు, సున్నం పాలు ఎక్కువ. నేలలో ఇనుము ఉంటుంది కానీ సున్నం దాన్ని కరగనివ్వదు, వేరుకు అందనివ్వదు. బోరు నీళ్ళలో కూడా సున్నం గుణం ఉంటే లోపం ఇంకా ఎక్కువగా కనపడుతుంది. దీనికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారం తేడాతో రెండుసార్లు కొడితే కొత్త ఆకు పచ్చగా వస్తుంది.

అదే పసుపు కింది ముదురాకుల్లో మొదలై పైకి పాకుతుంటే దారి వేరు. అది చాలాసార్లు నత్రజని చాలకపోవడం. అప్పుడు మొక్కను పీకకుండా, పారతో మట్టితో సహా తవ్వి తీసి, బకెట్ నీళ్ళలో మెల్లగా జాడించాలి. వేర్ల మీద ఆవగింజంత, జొన్నగింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒక బుడిపెను గోటితో చిదిమి చూడు. లోపల ఎర్రగా ఉంటే అది పనిచేస్తోంది, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోంది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పనిచేయడం లేదు. ఇంత చిన్న బుడిపెలో ఆ ఎరుపు మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. నువ్వూ తప్పకుండా చూడాలని నా కోరిక.

వాన పడి నీళ్ళు నిలిచిన పల్లంలో మాత్రమే పసుపుబారితే, వేరుకు గాలాడక అట్లా అయి ఉంటుంది. నీళ్ళు తీసేసి నేల ఆరనిస్తే చాలావరకు తేరుకుంటుంది, మందు కొడితే డబ్బు దండగ. లేతాకుల మీద మచ్చలు వచ్చి, మొవ్వు (కొస చిగురు) నల్లబడి ఎండిపోతుంటే మాత్రం అది పెద్ద ప్రమాదం. దాని గురించి జొన్న సాళ్ళ దగ్గర చెప్తాను.

చూశావా, ఒకే పసుపు రంగుకు మూడు కారణాలు. ఒకదానికి మందైనది ఇంకొకదానికి పనికిరాదు. ఆ పెద్దాయన ఏదో ఒక మందు పేరు చెప్పి నిన్ను పంపించేయవచ్చు. అంగళ్ళలో అట్లా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. చేను చూడకుండా మందు చెప్పడం ఆయనకు చేతకాలేదు. చూసి వచ్చి చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం అని దాని అర్థం. ఆ రెండో సగం ఆయన పైకి అనలేదు, అంతే. మన పెద్దవాళ్ళు సగమే చెప్తారు.

కాబట్టి చేనికి పో. పొద్దున్నే, ఎండ ముదరకముందే పో. గట్టు మీద నిలబడి చూసి రావొద్దు. సాళ్ళ మధ్య నాలుగు మూలలా తిరుగు. తర్వాత రచ్చకట్ట దగ్గర ఇట్లా అడుగు చూద్దాం: "పెద్దాయనా, మాది ఫలానా రకం. జూలై మొదటి వారంలో విత్తినాము, ఇప్పటికి ఇన్ని రోజుల పైరు. ఐదెకరాల్లో బోరు కింద ఉన్న రెండెకరాలే పసుపుబారినాయి, వానకు వదిలిన చేను బాగుంది. కొస ఆకులే పసుపు, ఈనెలు పచ్చగానే ఉన్నాయి. పది రోజుల కింద యూరియా చల్లినాము, ఏం మార్పు రాలేదు. ఇవిగో, రెండు మొక్కలు తెచ్చినాను. ఒకటి బాగున్నది, ఒకటి బాగలేనిది."

ఇట్లా అడిగితే ఎవరూ నవ్వరు. ఒకరు ఆకు తిప్పి వెలుతురుకు పట్టి చూస్తారు. ఇంకొకరు వేరు విరుస్తారు. ఇనుము అని ఒకరు, కాదు నీళ్ళు ఎక్కువైనాయి అని ఒకరు వాదించుకుంటారు. ఆ వాదన మధ్యలో కూర్చున్నవాళ్ళు చాలా నేర్చుకుంటారు. రకం పేరు మీ నాన్నను అడిగి తెలుసుకో. కదిరి-6, కదిరి లేపాక్షి ఒకే తీరుగా ఉండవు, పెద్దవాళ్ళు మొదట అడిగేది కూడా అదే. ఎప్పుడు విత్తారు, ఎప్పుడు వాన పడింది, ఏం వేశారు, ఏం కొట్టారు, ఇవన్నీ ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకో. ఏడేళ్ళ ఆఫీసు ఉద్యోగం నీకు నేర్పిన పని అది, ఇక్కడ బ్రహ్మాండంగా పనికొస్తుంది.

అందరి ముందు అడగాల్సిన అవసరం లేనివి కూడా కొన్ని ఉంటాయి. ఎరువు బస్తా ధర, సబ్సిడీ విత్తనం ఎప్పుడిస్తారు, పంట నమోదు ఎట్లా, ఇట్లాంటివి ఊళ్ళోని రైతు సేవా కేంద్రంలో తెలుసుకో. 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. రచ్చకట్ట దగ్గర దొరికే గంటను, అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకని మాటల కోసం దాచుకో.

ఇక జొన్న సాళ్ళ సంగతి. ఇక్కడ నీ పొరపాటు ఉంది, నొచ్చుకోకుండా విను.

2000వ సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో శెనక్కాయ చేలు కళ్ళముందే చచ్చిపోయాయి. లేతాకుల మీద మచ్చలు, తర్వాత మొవ్వు నల్లబడటం, కాండం ఎండిపోవడం, చివరికి మొక్క మొత్తం పోవడం. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి, ఇది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. గట్ల మీద, బీళ్ళలో మొలిచే వయ్యారిభామ (పార్థీనియం) కలుపు మొక్కలో ఆ వైరస్ దాక్కుంటుంది. ఆ మొక్కకు మాత్రం ఏమీ కాదు. దాని పుప్పొడిని తామర పురుగులు ఒంటికి పూసుకుని గాలివాటున చేలోకి వస్తాయి. శెనక్కాయ ఆకును గీరినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. వైరస్‌ను చంపే మందు లేదు. అందుకే గట్ల మీది వయ్యారిభామను పూత రాకముందే పీకేయమనీ, చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్ననో సజ్జనో మొక్కజొన్ననో వేయమనీ చెప్పారు. ఆ పైర్లు శెనక్కాయ కంటే త్వరగా, ఎత్తుగా పెరిగి గాలికి అడ్డుగా నిలబడతాయి. పురుగు ముందు అక్కడే ఆగిపోతుంది.

నువ్వు భూమి వృథా అన్నది ఈ నాలుగు సాళ్ళనే. ఆ ఏడాదికి నువ్వు చిన్నపిల్లవు. అక్కడ కూర్చున్న వాళ్ళలో నడివయసు దాటినవాళ్ళందరికీ ఆ ఖరీఫ్ గుర్తుంటుంది. కొందరు ఆ ఏడాది చేసిన అప్పు తీర్చడానికి ఎన్నేళ్ళు పట్టిందో లెక్కపెట్టుకుంటూ నీ లెక్క విని ఉంటారు. వాళ్ళు నీతో వాదించలేదు. "అట్లేలేమ్మా" అన్నారు. ఈ మాట గురించి నీకు చెప్పాలి, ఎందుకంటే నేను దీన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో మీటింగ్ పెట్టాను. పైరు నలభై ఐదు రోజులది, పూల నుంచి ఊడలు నేలలోకి దిగే సమయం. ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలి, కాయ గట్టిపడుతుంది, గింజ నిండుతుంది అని గంటసేపు చెప్పాను. చెప్పిందంతా సరైనదే, ఇవాళ కూడా అదే చెప్తాను. అందరూ విన్నారు. "అట్లే సార్" అన్నారు. టీ ఇచ్చారు. నెల తర్వాత పోతే ఒక్క చేలో కూడా జిప్సం లేదు. కోపం వచ్చింది, చదువు లేని మనుషులని మనసులో అనుకున్నాను కూడా. టీ ఇచ్చిన ఇంటావిడ అప్పుడు చెప్పింది. "నువ్వొచ్చిన పొద్దు నేల చూసినావా సార్? ఇరవై దినాలయె వాన లేక. పదును లేంది జిప్సం ఏం చేస్తాది?" ఆమె చెప్పింది నిజం. జిప్సం కరగాలంటే తడి కావాలి. నేను ఆ నేల మీదే చెప్పులేసుకుని నడిచి వచ్చాను, వంగి ఒక్క పిడికెడు మట్టి తీసి చూడలేదు. మరి మీటింగ్‌లోనే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. "నువ్వు అడగల్యా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అప్పుడు తెలిసింది నాకు, "అట్లే" అంటే ఒప్పుకున్నట్టు కాదని. ఇతనితో మాట్లాడి లాభం లేదు, మర్యాదగా పంపించేద్దాం అని. నీ విషయంలో ఆ తలుపు మూసింది మొదటి వారం. మూడో వారం పెద్దాయన దాన్ని మళ్ళీ కొంచెం తీశాడు. అందుకే నాకు సంతోషం కలిగింది.

నువ్వు తప్పు అని చెప్పిన చోట, ఎందుకు అని అడిగి ఉంటే సరిపోయేది. "పెద్దాయనా, అందరూ చేను చుట్టూ జొన్న వేసినారు, ఎందుకు?" ఇంతే. అరగంట కథ వచ్చేది. ఆ కథ విన్న తర్వాత కూడా నీకు అనుమానం ఉంటే, నాలుగు సాళ్ళకు బదులు రెండు వేస్తే చాలదా అని అడగొచ్చు. అప్పుడు నీ ప్రశ్నలో నీతో పాటు వాళ్ళ అనుభవం కూడా ఉంటుంది, జవాబు చెప్పాలనిపిస్తుంది.

కొత్తవాళ్ళు నోరు మూసుకుని మూలన కూర్చోవాలని నా ఉద్దేశం కాదు. అట్లా చెప్పేవాళ్ళ మాట వినొద్దు. కొత్త మనిషికి ఒక బలం ఉంది. పాతవాళ్ళు ఎప్పుడో అడగడం మానేసిన ప్రశ్నలు కొత్తవాళ్ళే అడగగలరు. నేను ఇప్పుడు కడపలో ఉంటున్నాను. ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది, ఆయన బంగళా ఉండిన చోటే కట్టారు. సాయంత్రాలు అక్కడికి పోయినప్పుడల్లా ఆయన గురించి ఆలోచిస్తుంటాను. 1820లో కడపకు వచ్చేనాటికి ఆయనకు ఇంకా ఇరవై రెండు నిండలేదు. దొర, పైగా కంపెనీ ఉద్యోగి. నాకు తెలుసు అని కూర్చోవచ్చు, కాదనేవాళ్ళు లేరు. ఆయన జీతమిచ్చి పండితుల్ని పెట్టుకుని, పద్యాలతో పాటు వాళ్ళు లెక్కచేయని వాడుక మాటల్ని కూడా పట్టుకుని, ఇదేమిటి, దీనికి అర్థమేమిటి అని ఏళ్ళ తరబడి అడిగాడు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు ఆ అడగడంలోంచి వచ్చిందే. ఇక్కడ పుట్టినవాళ్ళకు ఆ మాటలు అడగాల్సినవని కూడా తోచలేదు.

నీ డ్రిప్ వీడియో గురించి రెండు మాటలు చాలు. మన జిల్లాలో చీనీ తోటలకు డ్రిప్ కొత్త కాదు. అక్కడున్న వాళ్ళలో సగం మంది పైపులు ఉప్పు పట్టి మూసుకుపోతే యాసిడ్ పోసి కడిగినవాళ్ళే అయి ఉంటారు. వాళ్ళకు తెలిసినదాన్ని వాళ్ళకే చూపించావు, అదీ ఎవరూ అడగకుండా. మీ తోటలో డ్రిప్ వేసి, ఎక్కడ మూసుకుపోయింది, ఎట్లా బాగుచేశావు అని చెప్పే రోజు వస్తుంది. ఆ రోజు ఫోన్ తీయకుండానే అందరూ వింటారు.

ఇప్పుడు నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి. కొత్తగా వచ్చి ప్రశ్న అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. జవాబు తీసుకుని పోయి, ఏమైందో తిరిగొచ్చి చెప్పేవాళ్ళు చాలా తక్కువ. మందు చెప్పినవాడికి, అది పనిచేసిందో లేదో తెలుసుకోవాలని ఎంత ఆరాటం ఉంటుందో నీకు తెలియదు. నాకు తెలుసు. వందల మందికి చెప్పాను, పదిమంది కూడా తిరిగొచ్చి చెప్పలేదు.

గుత్తి దగ్గర నేను పనిచేసినప్పుడు ఒక కౌలు రైతు ఉండేవాడు. నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు, మాట తక్కువ. మొదట్లో ఆయన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఎవరు ఏం చెప్పినా ముందు ఒక మూల నాలుగు సాళ్ళలో చేసి చూసేవాడు. తర్వాత వారం వచ్చి, నువ్వు చెప్పినట్టు చేసినాను, ఇంత తేడా వచ్చింది అనేవాడు. రాకపోతే, రాలేదు అనేవాడు. ఎవరినీ తప్పుపట్టేవాడు కాదు. ఒకసారి నేను చెప్పిన మోతాదుకు ఆకు మాడిపోయింది. ఆ మాడిన ఆకులు నాలుగు తెచ్చి నా చేతిలో పెట్టి, "మా నేలకు ఇంత ఎక్కువైనట్టుంది సార్" అన్నాడు. అంతకంటే గొప్పగా నన్ను ఎవరూ సరిదిద్దలేదు. మూడేళ్ళు తిరిగేసరికి ఆయన నోరు తెరిస్తే పెద్ద పెద్ద పొలాలున్నవాళ్ళు కూడా మాట ఆపి వినేవాళ్ళు. భూమి లేదు, పలుకుబడి లేదు. చూసింది చెప్పాడు, చేసింది తిరిగొచ్చి చెప్పాడు. అంతే.

అన్నభేది కొట్టినా, ఇంకేదైనా చేసినా, తర్వాత ఆదివారం వెళ్ళి ఏమైందో చెప్పు. ముఖ్యంగా పనిచేయకపోతే చెప్పు.

ఆడపిల్లననా అని అడిగావు. అబద్ధం చెప్పను, అది కూడా కొంత ఉంటుంది. రచ్చకట్ట మీద మన వైపు ఆడవాళ్ళు కూర్చునే అలవాటు తక్కువ. నువ్వు మగపిల్లవాడివైతే అదే తప్పుకు ఇంత నవ్వు రాకపోవచ్చు. ఇందులో నీ తప్పేమీ లేదు, నువ్వు సర్దుకుపోవాల్సిందీ లేదు. ఎవరైనా నీ మాట మధ్యలో తుంచేస్తే, "మామా, నా మాట అయిపోనీ" అని నవ్వుతూనే గట్టిగా చెప్పు. హద్దు దాటి వెటకారం చేస్తే పెద్దాయన ముందే అడిగేయి. మా ఊళ్ళల్లో పెద్దవాళ్ళ ముందు నిలదీస్తే ఎంతటివాడైనా తగ్గుతాడు. ఇంకో పని కూడా చెయ్యి. మీ చేలో కలుపు తీసే ఆడవాళ్ళతో వారానికి ఒక పూట కూర్చో, చేతనైతే వాళ్ళతో పాటు సాలు పట్టు. చేలో వంగి ప్రతి మొక్కనూ దగ్గర నుంచి చూసేది వాళ్ళే. పురుగు ఎప్పుడొచ్చింది, ఏ మూల నుంచి వచ్చింది అన్నది మొదట వాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళలో ఒకావిడను ఆదివారం నీతో పాటు తీసుకుపో. జిప్సం సంగతి నాకు చెప్పింది కూడా ఒక ఆడమనిషే కదా.

ఇంకొక్క జాగ్రత్త. అక్కడ ఒకరు బోరు పడలేదని చెప్తారు, ఇంకొకరు అప్పు గురించి చెప్తారు. అది ఆ కట్ట మీదే వదిలేసి రావాలి. మందుల అంగట్లోనో, పెళ్ళి భోజనాల దగ్గరో ఆ మాట ఎత్తావంటే నీ ముందు ఇంకెవరూ మనసు విప్పరు. పార్టీల మాటలు వస్తే మాత్రం లేచి చేనికి పో, పని ఎట్లాగూ ఉంటుంది.

నవ్వినవాళ్ళను పట్టించుకోవద్దని చెప్పడం తేలిక, చేయడం కష్టం. వాళ్ళలో చాలామంది, ఎప్పుడో వాళ్ళనూ అదే మాట అన్నారు కాబట్టి నవ్వి ఉంటారు. ఆ పెద్దాయన వాళ్ళందరినీ చేను చూసి రమ్మని పంపినవాడే అయి ఉంటాడు.

పైరు నీ కోసం ఆగదు. ఇప్పటికే ఒక ఆదివారం పోగొట్టుకున్నావు. శనివారం సాయంత్రం పార తీసుకుని చేనికి పో. బాగున్న మొక్క ఒకటి, పసుపుబారినది ఒకటి మట్టితో సహా తవ్వి, తడి గోనెపట్టాలో చుట్టి నీడన పెట్టు. నాన్న రాగలిగితే ఆటోలో రచ్చకట్ట దాకా తీసుకుపో, ఆయన్ని చూసి పాత స్నేహితులు సంతోషిస్తారు. పెద్దాయన పక్కన కూర్చో. "చేను చూసి వచ్చినాను పెద్దాయనా" అని గోనెపట్టా విప్పు. పసుపు సంగతి తేలిన తర్వాత, ఆ జొన్న సాళ్ళ గురించి అడుగు. నేను చెప్పానని చెప్పొద్దు, ఆయన నోటితోనే విను. 2000వ ఏట మీ ఊళ్ళో ఏం జరిగిందో నాకు తెలియదు, ఆయనకు తెలుసు.

బుడిపె లోపల ఏ రంగు ఉందో నాకు కూడా ఒక ఉత్తరం రాయి.